కింది సొరుగు

"లేదండీ" అన్నాడు. కానీ అనే ముందు చూశాడు. చీటీ చదివి, కళ్ళజోడు పైకి తోసుకుని, మెడ ఎడమవైపుకి తిప్పి, గోడవారనున్న చెక్క బీరువా అడుగు సొరుగు వైపు ఒక్కసారి చూసి, వేడి గిన్నె ముట్టుకున్నవాడిలా చూపు వెనక్కి లాక్కుని, అప్పుడు అన్నాడు లేదండీ అని. పొద్దున్నించి ఈ ఒక్క మాటే వింటున్నాను. గాజు తలుపుల షాపులో విన్నాను, ఆస్పత్రి ఎదురుగా ఉన్న షాపులో విన్నాను, మెట్ల కింద దూరిన అగ్గిపెట్టె లాంటి షాపులో విన్నాను. వాళ్ళెవరూ చూడలేదు. చూడకుండానే లేదన్నారు. వెతకకుండా లేదనేవాడికి ఉందో లేదో తెలియదు, ఇవ్వకూడదని మాత్రం తెలుసు. ఇతను చూశాడు. అంటే ఉంది. ఆ సొరుగులో ఉంది. చీటీ నా చేతికి తిరిగిచ్చేసి తర్వాతి మనిషి వైపు తిరిగాడు. నేను మెట్లు దిగలేదు. బరువు చూసే మిషను పక్కన ప్లాస్టిక్ కుర్చీలు మూడుంటే మధ్యదాంట్లో కూర్చున్నాను.

"లేదని చెప్పానుగా అండీ."

"విన్నానండీ. కూర్చుంటాను."

"దేనికి?"

"మీకు గుర్తొచ్చేదాకా."

"ఓనరుగారు లేరండీ, నాతో ఏం లాభం?"

"వస్తారుగా."

మళ్ళీ కళ్ళజోడు తోసుకున్నాడు. అతని పేరు నాకు తెలియదు, కళ్ళజోడు అనే అనుకుంటున్నాను. అతను నన్నేమనుకుంటున్నాడో తెలుసు, పొద్దున్నించి అందరి మొహాల్లోనూ అదే చదువుతున్నాను. ముందు చీటీ, తర్వాత నా మొహం, తర్వాత నా మెడ, తర్వాత నా కడుపు, మళ్ళీ చీటీ. అదే వరస, ఒక్కడూ వరస తప్పలేదు.

బస్సు డిపో స్పేర్ పార్టుల స్టోర్సులో నా ఉద్యోగం. కిటికీకి అవతల మెకానిక్కులు, ఇవతల నేను, నా వెనక ఇనప రాకులు, వాటి మీద గ్రీజు పట్టిన డబ్బాలు. రోజంతా నేను చెప్పే మాటలు రెండే, ఉంది, లేదు. ఫలానా బేరింగు అయిపోయిందని నాకు కంఠతా తెలిసినా సరే, లేదు అనే ముందు నా మెడ ఆ రాకు వైపు తిరుగుతుంది. నేను తిప్పను, అదే తిరుగుతుంది. సరుకు దగ్గర పనిచేసేవాళ్ళందరికీ ఈ జబ్బు ఉంటుంది. మెకానిక్కుల్లో పెద్దాయన, డిపో అంతా బాబాయ్ అని పిలిచే ఆయన, నాకంటే ముందు కనిపెట్టాడు దీన్ని. మేనేజరు ఎవరికో అట్టే పెట్టమన్న క్లచ్ ప్లేటు ఉండగానే ఒకసారి, లేదు బాబాయ్ అన్నాను. "అమ్మాయ్, నోరు లేదంటోంది, మెడ ఉందంటోంది, ఇద్దరూ కూడబలుక్కుని ఒక మాట చెప్పండి" అని కిటికీ బల్ల మీద మోచేతులాన్చి నిలబడ్డాడు. వెనక క్యూ పెరిగిపోతోంది, తిట్టుకుంటున్నారు, ఆయన మాత్రం వక్కపొడి నములుతూ నా వెనక రాకునే చూస్తూ నిలబడ్డాడు. ఇచ్చేదాకా కదల్లేదు. ఇప్పుడు నేను కూర్చున్న ఈ కూర్చోవడం ఆయన దగ్గర చూసి నేర్చుకున్నదే.

ఫినాయిల్ వాసన. పొద్దున తుడిచినట్టున్నారు, ఇంకా మూల మూలల్లో అంటుకుని ఉంది. వాంతి చేసుకుంటే ఇక్కడే చేసుకుంటాను, వాళ్ళే తుడుచుకుంటారు. ఇలా అనుకోవడం నా పద్ధతి కాదు. నేను ఎవరికీ ఇబ్బంది కలిగించని మనిషిని, బస్సులో కాలు తొక్కినవాడికి నేనే సారీ చెబుతాను. మొదటి షాపులో కూడా అలాగే, ముందున్నవాళ్ళందరూ వెళ్ళేదాకా పక్కకి నిలబడి, చీటీని చిన్న మడత పెట్టి, చెయ్యి అడ్డం పెట్టి, "సారీ అండీ, ఇది ఉంటుందా" అన్నాను. ఎందుకు సారీ? ఏం చేశాననీ సారీ? రెండో షాపులో కౌంటరు దగ్గర ఆడమనిషి కనబడితే ప్రాణం లేచొచ్చింది. ఆవిడ చీటీ చూసి గొంతు తగ్గించి, "మొదటిదా?" అంది. కాదు, ఒక పాప ఉంది అన్నాను, ఎందుకు చెప్పానో, అడిగితే చెప్పడం అలవాటు. "ఒక్కర్తేనా? తోడుండాలి కదమ్మా పిల్లకి. ఇంటికెళ్ళి ఒకసారి ఆలోచించుకో" అంది, చీటీని రెండు వేళ్ళతో నా వైపు జరుపుతూ. ఆలోచించుకో! నెల తప్పిన రోజు నించీ నేను చేస్తున్న పని అది కాక ఇంకేముంది. బట్టలు ఆరేస్తూ ఆలోచించాను, పాపకి జడ వేస్తూ ఆలోచించాను, బోల్టుల డబ్బాకి చీటీ అంటిస్తూ ఆలోచించాను. మందుల షాపు ఆవిడకి తోచింది నాకు తోచలేదనా? గాజు తలుపుల షాపులో ఒకడు కంప్యూటరు మీద ఏదో కొట్టి, తెర నా వైపు తిప్పకుండా, "సిస్టంలో చూపించట్లేదు" అన్నాడు. ఆస్పత్రి ఎదురుగా ఉన్నవాడు చీటీ సగంలో చదవడం ఆపేసి, "మీ ఆయన్ని పంపండి, మాట్లాడతాను" అన్నాడు. ఏం మాట్లాడతాడు? నా గర్భసంచీ గురించి ఇద్దరు మగవాళ్ళు, ఒకడు బల్లకి అటు, ఒకడు ఇటు.

ఇన్నేళ్ళూ మా ఇంటిల్లిపాదికీ మందులు తెచ్చింది నేను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాళ్ళలో నేనే మొదటిదాన్ని కాబట్టి ఏ కాగితమైనా నా దగ్గరికే వస్తుంది, కరెంటు వాళ్ళ నోటీసు నించి డాక్టరు చీటీ దాకా. నాన్న బీపీ బిళ్ళలు, అమ్మ మోకాళ్ళకి కాల్షియం, పెళ్ళయ్యాక అత్తయ్య సుగరు మందులు, మావయ్య ఇన్‌హేలరు, ఆడపడుచు పిల్లాడి చెవిలో చుక్కలు. ఎన్ని షాపులెక్కానో. బీపీ బిళ్ళలిచ్చేవాడు ఒక్కడైనా, మీ అమ్మగారిని తీసుకురండి, ఆవిడకి ఇష్టమేనో కనుక్కుంటాను అన్నాడా? చెవిలో చుక్కలిచ్చేవాడు, చెవి నొప్పి దేవుడిచ్చింది, ఒకసారి ఆలోచించుకో అన్నాడా? ఎవరికి కావలసిన మందైనా నా చేతికిచ్చారు, నమ్మారు, చదువుకున్న పిల్ల అన్నారు. నాకు కావలసిన మందు దగ్గరికొచ్చేసరికి నేను చిన్నపిల్లనైపోయాను, పెద్దవాళ్ళని పిలుచుకురావాలి.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?" పక్క కుర్చీలో మామ్మగారొకావిడ కూర్చుంది, చేతిలో ఆయింట్‌మెంటు గొట్టం, పాదాల దగ్గర కూరగాయల సంచి. ఎండ తగ్గాక వెళతానని కళ్ళజోడుతో ఇందాకే చెప్పింది.

"బాగానే ఉందండీ. మందు కోసం."

"ఏం మందు?"

"నా మందు" అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది. కడుపు చూడలేదు. "ఇవ్వవయ్యా బాబూ, పిల్ల మొహం చూడు ఎలా పీక్కుపోయిందో."

"ఓనరుగారు రావాలి మామ్మగారూ."

"నా మోకాళ్ళకి అక్కర్లేని ఓనరు ఈ పిల్లకెందుకోయ్?"

ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది, పళ్ళు బిగబట్టాను. ఇక్కడ ఏడిస్తే, చూశారా, ఈవిడకే ఇష్టం లేదు, అందుకే ఏడుస్తోంది అంటారు. ఏడవకపోతే, రాయిలా ఎలా కూర్చుందో చూడు అంటారు. నా మొహాన్ని ఎలా పెట్టుకోవాలో కూడా వీళ్ళే రాసిస్తే బావుండు, చీటీలో, ముద్ర వేసి.

ముద్ర. దాని మీద నాకెంత నమ్మకమో. చదువు నాకు నేర్పినదంతా ఒక్క ముక్కలో చెప్పమంటే అదే చెబుతాను, కాగితం సరిగ్గా ఉండి, కింద సంతకం, పక్కన ముద్ర ఉంటే పని జరుగుతుంది. డాక్టరమ్మ చీటీ రాసి ముద్ర కొడుతుంటే, ఆ టప్ మనే శబ్దానికి నా భుజాల మీంచి బరువు దిగిపోయింది. ఎందుకు వద్దనుకుంటున్నారని ఆవిడ నన్ను ఒకే ఒక్కసారి అడిగింది. చెప్పాను. పాప పుట్టాక చాలా కాలం నేను నాలా లేనని, అద్దంలో చూసుకుంటే ఎవరో అద్దెకుంటున్న మనిషిలా కనబడేదని, ఇప్పుడిప్పుడే మళ్ళీ మనిషినవుతున్నానని, ఇంకోసారి అక్కడికి వెళ్ళలేనని. ఆవిడ తలూపింది, రాసుకుంది, అంతే, ఉపన్యాసం లేదు. "బిళ్ళలు మా దగ్గర ఉంచనివ్వరు. బయటే తీసుకోవాలి. అన్ని షాపుల్లోనూ ఇవ్వరు, కాస్త తిరగాల్సి వస్తుంది. రేపటిలోగా మొదలుపెట్టాలి, దాటితే బిళ్ళలతో కుదరదు, ఆస్పత్రిలో చేరాల్సిందే" అంది. కాస్త తిరగడమంటే ఏమిటో ఆవిడకి తెలుసో తెలియదో. ఆస్పత్రిలో చేరడమంటే అత్తయ్యకి చెప్పాలి, సెలవు పెట్టాలి, సెలవుకి కారణం రాయాలి, మత్తు, కత్తి, మంచం చుట్టూ చుట్టాలు, ఎవరికి తోచింది వాళ్ళు అంటారు. మామూలు బిళ్ళలు. నీళ్ళతో మింగేవి. దగ్గు బిళ్ళంత ఉంటాయేమో.

ఫోను మోగింది. మా ఆయన. "దొరికిందా?" అన్నాడు, కొత్తిమీర దొరికిందా అన్నట్టు.

"ఉంది. ఇవ్వట్లేదు."

"అదేంటి? పోనీ ఇంకో షాపు..."

"నువ్వొస్తావా?"

"నేనొస్తే బావుండదేమో. ఆ రోడ్డులో మనవాళ్ళ షాపులున్నాయి, ఎవరైనా చూస్తే... అయినా నీకు తెలుసుగా, నాకేం అభ్యంతరం లేదు, నీ ఇష్టం."

నీ ఇష్టం. ఎంత పెద్దమనసు. నాకు వద్దని చెప్పిన రాత్రి నించీ అదే మాట, అటు తిరిగి పడుకుని అన్నాడు, నీ ఇష్టం అని. నేను దాన్ని చాలాసేపు మెత్తని దుప్పటిలా కప్పుకుని పడుకున్నాను, ఎంత మంచివాడు అనుకున్నాను. ఇప్పుడీ కుర్చీలో తెలుస్తోంది దాని అర్థం, నీ ఇష్టం కాబట్టి నీ కాళ్ళు, నీ ఎండ, నీ సిగ్గు, నీ చీటీ. కడుపు చేసేటప్పుడు ఇద్దరం ఉన్నాం. మెట్లెక్కేటప్పుడు నేను ఒక్కదాన్నే ఉన్నాను. చెడ్డవాడు కాదు. పాపని బడి నించి తెచ్చుకుంటాడు, అన్నం పెడతాడు, బొమ్మలు గీయిస్తాడు. చెడ్డవాడైతే ఒక తిట్టు తిట్టి తేలిగ్గా ఊపిరి పీల్చుకుందును. "సరే, పాపకి పాలు తాగించు" అని పెట్టేశాను.

నా చిన్నప్పుడు ఒకసారి అమ్మకి జ్వరమన్నారు. గదిలోకి వెళ్ళకు అన్నారు. పక్కింటి పిన్ని అమ్మని పొద్దున్నే ఎక్కడికో తీసుకెళ్ళి, మధ్యాహ్నానికి నడిపించుకుంటూ తెచ్చింది, అమ్మ గోడలు పట్టుకుని నడిచింది. సాయంత్రం పిన్ని పెరట్లో దుప్పట్లు నానబెట్టింది, బకెట్లో నీళ్ళు ఎందుకు ఎర్రగా ఉన్నాయంటే, రంగు దిగింది లేవే, కొత్త దుప్పటి అంది. మా ఇంట్లో కొత్త దుప్పట్లు ఎప్పుడున్నాయి. అమ్మ చాలా రోజులకి గానీ మామూలు మనిషి కాలేదు. ఎక్కడ ఏ గదికి వెళ్ళింది, ఎవరు చేశారు, దేనితో, నేనెప్పుడూ అడగలేదు, ఆవిడెప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాతే నన్ను చదివించాలని పట్టుబట్టిందని మాత్రం తెలుసు. నువ్వు చదువుకోవాలే, నాలా ఎవరి వెనకా నడవకూడదు అనేది, ఇల్లు తుడుస్తూ, అంట్లు తోముతూ, నా పరీక్షల ముందు వేడినీళ్ళు కాచిపెడుతూ. చదివానమ్మా. నువ్వన్నట్టే ఎవరి వెనకా నడవకుండా, తిన్నగా, పట్టపగలు, డాక్టరు దగ్గరికి వెళ్ళి, ముద్రున్న చీటీ తెచ్చుకున్నాను. నీకు చీటీ లేక ఆ గదికి వెళ్ళావు. నాకు చీటీ ఉంది. ఉండి ఏం లాభం? ఇంకో రెండు షాపుల్లో లేదంటే నేనూ ఎవరో ఒక పిన్నిని వెతుక్కుంటాను. వీళ్ళకి కావలసింది అదేనా? పెరట్లో బకెట్లు నిండితే వీళ్ళకి పర్వాలేదు, వాళ్ళ బల్ల మీద మరక పడకూడదు అంతేగా.

ఓనరుగారు వచ్చారు. స్కూటరు ఆపి, అద్దంలో జుట్టు చూసుకుని, మెట్లెక్కి, బల్ల వెనక్కి వెళ్ళగానే కళ్ళజోడు ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆయన నన్ను చూశాడు, చీటీకి చెయ్యి చాపాడు, లేచి వెళ్ళి ఇచ్చాను, అదే వరస, చీటీ, మొహం, మెడ, కడుపు.

"ఎవరికమ్మా?"

"నాకే."

"మీవారు రాలేదా?"

"మందు ఆయనకి కాదండీ."

మామ్మగారు దగ్గినట్టు చేసింది. ఓనరుగారి మొహం కాస్త బిగిసింది. "అలా కాదమ్మా, రూల్సుంటాయి."

"చెప్పండి, వింటాను. డాక్టరు చీటీ కావాలి, ఉంది. ముద్ర కావాలి, ఉంది. నా గుర్తింపు కార్డు కావాలంటే ఇదిగో. ఇంకేం కావాలి?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, కిటికీ దగ్గర బాబాయ్ గొంతులా.

"ఇలాంటివి అమ్మితే తర్వాత తలనొప్పి మాకమ్మా. తనిఖీవాళ్ళొస్తారు, ఎవరికిచ్చావ్, ఎందుకిచ్చావ్ అని పీక్కుతింటారు."

"చీటీ ఉంది కాబట్టి ఇచ్చానని చెప్పండి."

"చెప్పినంత తేలిక కాదు. అయినా స్టాకు లేదన్నాడుగా మావాడు."

"మీవాడు ఆ కింది సొరుగు వైపు చూసి చెప్పాడండీ. నేనూ స్టోర్సులోనే పనిచేస్తాను."

కళ్ళజోడు తన అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. దగ్గు మందు కోసం వచ్చినాయన సీసా చేతిలో పట్టుకుని కూడా కదల్లేదు. ఓనరుగారు ఒకసారి వీధి వైపు, ఒకసారి మామ్మగారి వైపు చూసి, వంగి, సొరుగు లాగాడు. చెమ్మకి బిగుసుకుపోయింది అది, రెండుసార్లు గుంజితే గానీ రాలేదు. వేరే డబ్బాల వెనక నించి చిన్న అట్టపెట్టె ఒకటి తీసి, పైన దుమ్ము అరచేత్తో తుడిచి, వెంటనే నల్ల కవరులో దూర్చాడు. మామ్మగారి ఆయింట్‌మెంటు చేతికే ఇచ్చారు. దగ్గు మందు చేతికే ఇచ్చారు. నాకు నల్ల కవరు.

పెట్టెని కవరులోంచి బయటికి తీశాను. కవరు బల్ల మీద వదిలేశాను. స్టోర్సులోకి ఏ సరుకు వచ్చినా ముందు సీలు చూడాలి, తర్వాత పేరు, తర్వాత తేదీ. అందరూ చూస్తుండగా, తొందరపడకుండా చూశాను. సీలు ఉంది. పేరు చీటీలో ఉన్నదే. తేదీ చూశాను. మళ్ళీ చూశాను.

గడువు దాటిపోయింది.

మా దగ్గర దీన్ని చచ్చిన సరుకంటాం. అడిగేవాళ్ళు లేక రాకులో మూలిగి మూలిగి చచ్చేది. కానీ దీన్ని అడిగారు. నాకు తెలుసు అడిగారని. చీటీ చిన్న మడత పెట్టుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని, సారీ అండీ అంటూ అడిగి ఉంటారు, అడిగిన ప్రతిసారీ ఈ కళ్ళజోడు మెడ తిప్పి, సొరుగు చూసి, లేదండీ అని ఉంటాడు, వాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోయి ఉంటారు. వాళ్ళకెవరికీ ఉద్యోగం స్టోర్సులో అయ్యుండదు. ఎక్కడికి వెళ్ళారో. ఏ గదికి. ఎవరి పెరట్లో ఏ దుప్పటి రంగు దిగిందో. మందు మాత్రం ఇక్కడే, ఈ సొరుగులో, చీకట్లో, భద్రంగా, ఎవరికీ అందకుండా, తేదీ దాటేదాకా కూర్చుంది. వీళ్ళు దీన్ని అమ్మలేదు, పారెయ్యలేదు. కాపలా కాశారు. చచ్చేదాకా కాపలా కాశారు.

"ఎంతమందికి లేదన్నారు?" కళ్ళజోడునే అడిగాను. కోపం ఎంత ఉందంటే గొంతు చాలా మెల్లగా వచ్చింది. అతను తుడిచిన అద్దాలే మళ్ళీ తుడుస్తున్నాడు.

ఓనరుగారు పెట్టె లాక్కుని తేదీ చూసుకున్నాడు. పాలిపోయాడు. తేదీ దాటిన మందు పది మంది ముందు బల్ల మీదికొచ్చింది కదా, ఇప్పుడు తెలిసింది తలనొప్పంటే. "చూసుకోలేదమ్మా... పొరపాటు. కొత్తది తెప్పిస్తాను, రేపు రండి."

"నా గడువు కూడా రేపే దాటుతుంది. మీ హోలుసేలు ఎక్కడ?"

ఆయన నసిగాడు. కళ్ళజోడు తల ఎత్తకుండా అన్నాడు, "వెనక వీధేనండీ. ఫోను చేస్తే మనిషి తెచ్చిస్తాడు."

"అయితే చెయ్యండి. కూర్చుంటాను."

"చెయ్యవయ్యా" అంది మామ్మగారు. "ఎండ ఎలాగూ తగ్గలేదు, నేనూ కూర్చుంటాను."

ఓనరుగారు ఫోను తీశాడు. నేను కుర్చీ వైపు తిరిగాను. అప్పుడు చూశాను, మెట్ల దగ్గర స్తంభానికి ఆనుకుని ఒకామె. భుజానికి బ్యాగు, ఏదో కంపెనీ యూనిఫాం మీద చున్నీ. వెనకొచ్చినవాళ్ళని ముందుకి పొమ్మంటోంది, మీరు తీసుకోండి, పర్లేదు, నాకు తొందరేం లేదు అంటోంది. పిడికిట్లో కాగితం. చిన్న మడత. అది తలనొప్పి బిళ్ళ చీటీ కూడా కావచ్చు. నాకేం తెలుసు. కానీ అలా పక్కకి నిలబడటం నాకు తెలుసు, పొద్దున నేనూ అలాగే నిలబడ్డాను. ఆమె చూపు ఒక్క క్షణం నా చూపుని తాకి పక్కకి తప్పుకుంది. నేనేం అడగలేదు. కూర్చుని, రెండో పక్క కుర్చీ మీదున్న నా బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను, ఆమెకి చోటు చేశాను.

"ఆ... ఆ మందే... ఒకటి" అంటున్నాడు ఓనరుగారు ఫోనులో, గొంతు తగ్గించి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని.

"రెండు చెప్పండి" అన్నాను, షాపంతా వినబడేలా. "మిగిలితే కింద కాదు, పై సొరుగులో పెట్టండి."